ఉద్దానము: తోటల సీమ, దాని పూర్వోత్తరములు

శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొనయందు, ఒడిశా ఎల్లకు చేరువగా, ఉద్దానమను సీమ కలదు. ఈ పేరుతో ప్రభుత్వపు లెక్కలలో తాలూకాగాని మండలముగాని కానరాదు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలోని తోటల గ్రామములకు జనులు పెట్టుకొన్న పేరిది. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. పేరునకు తగినట్లు ఇచ్చటి రైతు చెట్టును నమ్ముకొని జీవించువాడు. ఆ నమ్మకమువలని లాభమెట్టిదో, అపాయమెట్టిదో, మన సహకార సంఘములవారు తెలిసికొనదగియున్నది.

పడమట మహేంద్రగిరి మొదలగు తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతము. ఈ రెంటి నడుమ నేల వెడల్పు స్వల్పము. కొండలనుండి దిగి వచ్చు ఏఱులలో బాహుదా ఇచ్ఛాపురము ప్రక్కగా పాఱును. మహేంద్రతనయ బారువకడ సముద్రమున కలియును. తీరమున ఇసుకనేల. వాననీరు దానిపై నిలువక లోనికి ఇంకిపోవును. వరికి నిలువనీరు కావలెను గాన అట్టి నేల వరికి తగదు. కొబ్బరి, జీడిమామిడి, పనస మొదలగు చెట్లు లోని తేమను అందుకొని బ్రతుకగలవు. కావుననే మెట్టయంతయు తోటలయ్యెను.

సోంపేట ప్రాంతమున వాననీరు చేరి నిలుచు పల్లములను బీల యందురు. వరియు, చేపలును, పశువుల మేతయు ఆ బీలవలన లభించును. అచ్చట థర్మల్ విద్యుత్కేంద్రము కట్టనెంచినప్పుడు రైతులును జాలరులును ఎదిరించిరి. 2010 జూలై 14వ తేదీన జరిగిన కాల్పులలో ప్రాణనష్టము కలిగెను. ఆ కేంద్రము రాలేదు, బీల నిలిచినది.

పూర్వమీ ప్రాంతము గంజాం జిల్లాలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు గంజాం చీలి, ఈ భాగము విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడెను. ఎల్లలు మాఱినను, ఇచ్చట తెలుగును ఒడియాయు నేటికిని ఇరుగుపొరుగుగానే వినవచ్చును. జమీందారీ దినములలో మందస జమీను రైతులకు అడవి కలపపై హక్కు లేకుండెను. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగెను. పిమ్మట కొలది దినములకే కలప తగవు ముదిరి, గుడారి రాజమణిపురమున జరిగిన కాల్పులలో గున్నమ్మయు మఱికొందఱును ప్రాణములు విడిచిరి. 1948 నాటి చట్టమువలన జమీందారీలు రద్దై, భూమి రైతువారీ క్రిందకు వచ్చెను.

ఇక తోటల సంగతి. నాటుకొబ్బరి కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. పిదప అరువదియేండ్ల వయస్సు వఱకును కాచుచుండును. గెలలు ఏడాది పొడుగునను వరుసగా వచ్చుచుండుటవలన రైతునకది నెలజీతమువంటిది. జీడిమామిడి మూడు నాలుగేండ్లకే కాపుపట్టును. దాని గింజలు పలాస, కాశీబుగ్గలలోని కర్మాగారములకు పోయి పప్పగును.

అపాయము గాలివలన కలుగుచున్నది. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను ఈ తీరమును కొట్టెను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలితో పలాస సమీపమున తీరము దాటెను. లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలగూలెను. కొబ్బరికి పెరుగు మొవ్వు ఒక్కటే. అది విఱిగినచో చెట్టు మఱల చిగుర్చదు. జీడిచెట్టు వేరు నిలిచియున్నచో మొదటినుండి కొమ్మలు వేయగలదు. వరిరైతు మఱుసటి యేడే పంట చూచును. తిత్లీకి మఱుసటి యేడు కొబ్బరిమొక్క నాటిన రైతో, 2025 వఱకును కాయకై వేచియుండవలసివచ్చినది. అన్ని ఏండ్లు సంసారమెట్లు జరుగవలెను? వలసలు పెరుగుటకు ఇదియొక హేతువు.

మనదేశమున సహకార పరపతి చట్టము 1904లో పుట్టినది. నాటినుండియు రైతు పంటకు అప్పు తీసికొని, పంట రాగానే తీర్చుట వాడుక. తోటరైతున కీ పద్ధతి చాలదు. ఇందుకు మూడు ఉపాయములు తోచుచున్నవి. మొదటిది, తోట వేయుటకిచ్చు దీర్ఘకాలపు ఋణమునకు వాయిదాలు కాపు వచ్చిన పిదపనే మొదలిడవలెను. రెండవది, లేతతోటలో అరటి, కంద, పసుపువంటి అంతరపంటలకు సంఘము విత్తనమును పెట్టుబడిని సమకూర్పవలెను. మొక్క యెదుగువఱకు అవియే ఇల్లు గడుపును. మూడవది చెట్లకు భీమా. కొబ్బరి అభివృద్ధి మండలి 2009లో ఇట్టి పథకమును ఆరంభించి, 16 ఏండ్లు దాటిన చెట్టునకు 1,750 రూపాయల మొత్తమును నిర్ణయించెను. ఆ మొత్తము చెట్టు ఇచ్చు రాబడికి సరిగాకున్నను, తిరిగి నాటుటకు ఆధారమగును.

భీమాకైనను నష్టపరిహారమునకైనను, ఎవరికెన్ని చెట్లు, వాని వయస్సెంత అను లెక్క కావలెను. కూలిన పిదప ఆ లెక్క దొరకదు. ప్రతి సంఘమును అక్టోబరు రాకమునుపే సభ్యుల చెట్ల పట్టిక వ్రాసియుంచి, ఉద్యానశాఖవారితో విచారించి, తగిన పథకములలో రైతులను చేర్చుట కర్తవ్యము.