పట్టు విడవని బటన్ - స్టార్టర్ డబ్బాలో ప్రాణరక్షణ

జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలు అందని చేలకు బోరే ఆధారం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో స్టార్టర్ డబ్బా తెలియని రైతు ఉండడు. ఆకుపచ్చ బటన్ నొక్కి వదిలితే మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. కరెంటు పోయి వస్తే మాత్రం, మళ్లీ నొక్కేదాకా కదలదు. ఎందుకిలా?

డబ్బాలో ఒక కాయిల్ ఉంటుంది. ఆకుపచ్చ బటన్ నొక్కగానే దానికి కరెంటు అంది అయస్కాంతమవుతుంది. మోటారుకు కరెంటునిచ్చే కాంటాక్టులను లాగి పట్టుకుంటుంది. వాటితోపాటు ఒక చిన్న కాంటాక్టు కూడా మూసుకుని, బటన్ చేసే పని తానే చేస్తుంది. అందుకే వేలు తీసినా కాయిల్ పట్టు విడవదు. ఎర్ర బటన్ నొక్కినా, కరెంటు పోయినా పట్టు జారుతుంది. దీన్నే లాచింగ్ అంటారు.

ఈ కిటుకును పొలంలోని స్టార్టర్‌పై పరీక్షించరాదు. అందులో 415 వోల్టులుంటాయి. హైస్కూలు పిల్లలు సైతం 12 వోల్టుల బ్యాటరీతో ఇంట్లోనే చేసి చూడవచ్చు. రెండు జతల కాంటాక్టులున్న 12 వోల్టుల రిలే ఒకటి, నొక్కితే కలిసే ఆకుపచ్చ బటన్, నొక్కితే విడిపోయే ఎర్ర బటన్, రెండు ఎల్.ఇ.డి. బల్బులు, రెండు వెయ్యి ఓముల రెసిస్టర్లు, ఒక డయోడు కావాలి.

బ్యాటరీ ప్లస్ నుంచి తీగను ఎర్ర బటన్‌కు, అక్కడి నుంచి ఆకుపచ్చ బటన్‌కు, తరువాత రిలే కాయిల్‌కు, చివరకు మైనస్‌కు కలపాలి. రిలే మొదటి జతలో కామన్‌ను, కాయిల్ లాగినప్పుడు కలిసే కొసను ఆకుపచ్చ బటన్ రెండు కొసలకు చెరొకటి కలపాలి. పట్టు నిలిపేది ఇదే. రెండో జత కామన్‌కు ప్లస్ ఇవ్వాలి. మామూలుగా కలిసి ఉండే కొస నుంచి ఎర్ర దీపానికి, కాయిల్ లాగితే కలిసే కొస నుంచి ఆకుపచ్చ దీపానికి ఒక్కో రెసిస్టరు ద్వారా తీగ వేయాలి. దీపం పొడవు కాలు ప్లస్ వైపు, పొట్టికాలు మైనస్‌కు. డయోడును కాయిల్ రెండు కొసల మధ్య, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా పెట్టాలి.

బ్యాటరీ తగిలించగానే ఎర్ర దీపం వెలుగుతుంది. ఆకుపచ్చ బటన్ నొక్కి వదిలితే ఎర్రది ఆరి ఆకుపచ్చది వెలిగి నిలుస్తుంది. ఇప్పుడు బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ పెట్టండి. వెలిగేది ఎర్ర దీపమే. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారు ఆగే ఉండడానికి కారణం ఇదే.

ఆటో స్టార్టర్ ఈ రక్షణను తీసేస్తుంది. కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారును నడుపుతుంది. విడతలవారీ సరఫరా రోజుల్లో రాత్రి నిద్ర చెడకుండా రైతులు వీటిని బిగించుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, వీటిని తొలగించాలని ప్రభుత్వం కోరింది. నీరు వృథా కావడం ఒక్కటే కాదు, వేరే చిక్కూ ఉంది. 5 హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దాదాపు ఆరింతలు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వగలిగింది సుమారు 33 ఆంపియర్లు. నాలుగు మోటార్లు ఒక్కసారే లేస్తే 160 దాటుతుంది. ఫ్యూజులు పోవడం, ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినడం అందువల్లే.

అంతకన్నా పెద్ద ముప్పు ప్రాణానికి. కరెంటు లేదు కదా అని తీగ పట్టుకున్న సమయంలో సరఫరా వస్తే, ఆటో స్టార్టర్ ఆ తీగలోకి కరెంటును వదులుతుంది. చిన్న కాంటాక్టు అరిగి పట్టు నిలవనప్పుడు ఆకుపచ్చ బటన్‌కు పుల్ల బిగించినా అంతే. ఎర్ర బటన్ నొక్కి వదలగానే మోటారు మళ్లీ లేస్తుంది. అరిగిన కాంటాక్టును మార్పించడమే దారి.

మామూలు స్టార్టర్ ఉన్నా, కరెంటు ఉన్నా లేకపోయినా, మోటారును, తీగలను ముట్టుకునే ముందు మెయిన్ ఆపి ఫ్యూజులు తీసి చేతిలో పెట్టుకోవాలి. డబ్బాకు, మోటారుకు ఎర్తింగ్ తప్పనిసరి. తడి చేతులతో, చెప్పులు లేకుండా బటన్ ముట్టరాదు. స్టార్టర్ లోపలి పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.