అమ్మ పటమూ, ఫోటో దిద్దే సాఫ్టువేరూ

మా అమ్మ నిరుడు మాఘమాసంలో పోయింది. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలని, మా మేనకోడలి పెళ్లిలో సెల్‌ఫోనుతో తీసిన ఫోటో ఒకటి పట్టుకుని ఇక్కడే బరంపురంలో ఒక స్టూడియోకు వెళ్లాను. మూడోరోజుకు పటం చేతికి వచ్చింది. అద్దం, చట్రం, అంచుకు బంగారురంగు అన్నీ బాగానే ఉన్నవి. వసారాలో కూర్చున్న నాన్నగారికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈవిడెవర్రా?" అన్నారు.

అప్పుడు నేనూ సరిగా చూశాను. ఎనభైయేళ్ల మనిషికి ముఖంమీద ఒక్క ముడత లేదు. చామనచాయ మనిషి పాలరాతి బొమ్మ అయింది. అన్నిటికంటె ఘోరమేమంటే, గడ్డంమీద ఉండవలసిన మూడు పచ్చబొట్టు చుక్కలు లేవు. చిన్నప్పుడు మా అమ్మమ్మ దగ్గరుండి పొడిపించినవి అవి. "పోయేటప్పుడు వెంట వచ్చే సొమ్ము ఇదొక్కటేరా" అని అమ్మ నవ్వుతూ చెబుతూండేది. ఆ ఒక్క సొమ్మునూ మేము పటంలో ఒలిచేశాము.

స్టూడియో కుర్రవాణ్ణి అడిగితే, "కంప్యూటరు మచ్చలన్నీ తనంతట తానే తీసేస్తుందండీ. అందరూ అలాగే కావాలంటారు" అన్నాడు. అతణ్ణి అని లాభం లేదు. ఏది ఉంచాలో, ఏది తీయాలో నేను చెప్పలేదు. పెద్దకర్మకు ఆ పటమే పెట్టవలసి వచ్చింది. సంవత్సరీకానికైనా సరియైన పటం ఉండాలని నిశ్చయించుకుని, ఆఫీసునుంచి వచ్చిన తరువాత రాత్రిళ్లు కూర్చుని ఆ పని నేనే నేర్చుకున్నాను. నేను మెట్రిక్ చదివిన గుమాస్తాను. నాకు వచ్చిన విద్య ఎవరికైనా రావచ్చునని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముఖాన్ని దిద్దడం కొత్త సంగతి కాదు

ఫోటోలను మార్చడం కంప్యూటరుతో పుట్టిన పాపమని కొందరంటారు. అది నిజం కాదు. 1855లో పారిస్ ప్రదర్శనలో జర్మనీ దేశస్థుడు హాన్‌ఫ్‌స్టేంగల్ ఒకే మనిషి చిత్రాలు రెండు పెట్టాడు. ఒకటి నెగటివును దిద్ది తీసినది, రెండవది దిద్దనిది. అప్పటినుంచి ఈ విద్య లోకమంతా పాకింది. గాజుపలకల కాలంలో నెగటివు మీద సన్నని పెన్సిలుతో గీసి ముడతలు తగ్గించేవారు. చీకటిగదిలో కాగితంమీద వెలుతురు పడకుండా చెయ్యి అడ్డుపెట్టి ఒకచోట తేటగాను, ఎక్కువసేపు పడనిచ్చి మరొకచోట నల్లగాను చేసేవారు. నేటి సాఫ్టువేరులో 'డాడ్జ్', 'బర్న్' అనే పనిముట్ల పేర్లు ఆ చీకటిగదినుంచి వచ్చినవే. మార్పల్లా ఏమిటంటే, అప్పుడు పెన్సిలు పట్టిన మనిషి చూసి చేసేవాడు. ఇప్పుడు చూడకుండా చేసే మీట ఒకటి వచ్చింది.

ఏ సాఫ్టువేరు ఎవరికి

అందరికీ తెలిసినది ఫోటోషాప్. అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేయగా అడోబ్ సంస్థ 1990లో విడుదల చేసింది. చేయలేని పని లేదు. అయితే 2013నుంచి కొత్త ముద్రణలను ఒకేసారి కొనుక్కునే వీలు తీసివేసి చందా పద్ధతి పెట్టారు. అద్దె కట్టినన్నాళ్లే ఇల్లు మనది. రోజూ ఇదే వృత్తిగా బతికే స్టూడియోవారికి గిట్టుబాటవుతుంది. ఏడాదికి పది ఫోటోలు దిద్దుకునే సంసారికి అనవసరమని నా అభిప్రాయం. పైగా దానికి కంప్యూటరులో ఎనిమిది జీబీ జ్ఞాపకశక్తి అయినా ఉండాలి.

రెండవది గింప్. కాలిఫోర్నియాలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే విద్యార్థులు 1995లో మొదలుపెట్టగా, 1996లో జనానికి అందింది. పూర్తిగా ఉచితం. పాత కంప్యూటరుమీద కూడా నడుస్తుంది. మొదట్లో కొంచెం మొండికేస్తుంది గాని, వారం రోజులు ఓపికపడితే చెప్పినమాట వింటుంది. 2025 మార్చిలో వచ్చిన 3.0 ముద్రణలో చాలా సవరింపులను తరువాత మళ్లీ మార్చుకునే సౌకర్యం కూడా చేర్చారు. నా పని దీనితోనే జరిగింది.

మూడవది అఫినిటీ. ఇంగ్లండుకు చెందిన సెరిఫ్ సంస్థది. 2024లో కాన్వా సంస్థ దానిని కొనుక్కుని, 2025 అక్టోబరులో ఉచితం చేసింది. ఖాతా తెరవాలి. గింప్ కంటె చేతికి సులువుగా ఉంటుంది గాని, కొత్త కంప్యూటరు కావాలి.

పెద్ద కెమెరాతో తీసేవారికి 'రా' ఫైలు అనే వసతి ఉన్నది. మామూలు జేపెగ్ ఫోటోలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటవి. చామనచాయ, నలుపు ముఖాలలో నీడ పడిన చోట వివరం పోకుండా ఉండాలంటే ఇది చాలా ముఖ్యం. ఇటువంటి ఫైళ్లకు లైట్‌రూమ్ చందాతో వస్తుంది. డార్క్‌టేబుల్, రాథెరపీ అనేవి ఉచితం. ఫోనులోనే చిన్న సవరింపులు చాలుననుకునేవారికి గూగుల్‌వారి స్నాప్‌సీడ్ ఉన్నది.

ఎంచుకునే ముందు అడగవలసినవి

ఒకటి, అసలు ఫోటో చెడకుండా పైపొరమీద పని చేయనిస్తుందా? దీనిని లేయరు అంటారు. పొరమీద దిద్ది, దాని గాఢతను నూటికి ముప్ఫై, నలభై వంతులకు తగ్గించవచ్చు. ముడత ఉంటుంది గాని, పెళ్లిపందిట్లో ఎండ తెచ్చిన కరకుదనం తగ్గుతుంది.

రెండు, తానే అంతా చేసే మీట ఉంటే దానిని ఆపడానికి వీలుందా? మచ్చ ఏదో, పుట్టుమచ్చ ఏదో, పచ్చబొట్టు ఏదో యంత్రానికి తెలియదు. ఆ మనిషిని ఎరిగినవారికి తెలుస్తుంది.

మూడు, తెలుగు అక్షరాలు సరిగా రాస్తుందా? కొన్నింటిలో ఒత్తులు విడిపోయి పక్కన పడతవి. 'లక్ష్మి', 'స్త్రీ' అనే రెండు మాటలు కొట్టి చూడండి. పటం కింద పేరూ తిథీ తెలుగులో ఉండాలని మా కోరిక. మా పిల్లలు బడిలో ఒడియా చదువుకున్నారు. ఇంట్లో వారు కూడబలుక్కుని చదివే తెలుగు ఆ పటం కిందిదైనా తప్పులేకుండా ఉండవద్దా?

నాలుగు, ఫోటో మన కంప్యూటరులోనే ఉంటుందా, ఎక్కడికైనా పోతుందా? ముఖాన్ని అందంగా చేస్తామనే ఫోను సాధనాలు కొన్ని ఫోటోను తమ కంప్యూటర్లకు తెప్పించుకుని దిద్దుతవి. ఆడపిల్లల ఫోటోల విషయంలో ఇది ముందుగా కనుక్కోవాలి.

నేను చేసిన పని

మొదట అసలు ఫోటో సంపాదించాను. వాట్సాప్‌లో మామూలుగా వచ్చినది చిన్నదైపోయి ఉంటుంది. తీసినవారిని అడిగి డాక్యుమెంటు రూపంలో పంపించుకుంటే ఉన్నదున్నట్టు వస్తుంది. ముఖమూ భుజాలూ వరకు కత్తిరించగా 1500కు 1800 చుక్కలు మిగిలినవి. 8×10 అంగుళాల మేలిరకం ప్రింటుకు 2400కు 3000 కావాలంటారు. అయితే గోడమీది పటాన్ని నాలుగడుగుల దూరంనుంచి చూస్తాము గనుక, అంగుళానికి 150 చొప్పున 10×12 పటానికి నాకు సరిపోయినవి.

శామియానా ఎర్రదనం అమ్మ ముఖమంతా పడి ఉన్నది. అదే వెలుతురులో పక్కన నాన్నగారి తెల్లపంచె ఉన్నది. ఇది తెలుపు అని సాఫ్టువేరుకు ఆ పంచెను చూపిస్తే, ఎరుపు పోయి అమ్మ అసలు చాయ బయటికి వచ్చింది. కళ్లకింది నీడ కొంచెం తేట చేశాను. వెనుక నిలబడినవారి చెయ్యి ఒకటి తీసివేశాను. పచ్చబొట్టు జోలికి పోలేదు. బొట్టు కొంచెం ఎడమకు జరిగి ఉంటే, సరిచేద్దామని చెయ్యి ఎత్తి మళ్లీ ఊరుకున్నాను.

సంవత్సరీకంనాడు కొత్త పటం పెట్టాము. నాన్నగారు దగ్గరికి వచ్చి నిలబడి, "బొట్టు పక్కకు పోయింది. ఎన్నిసార్లు చెప్పినా అంతే" అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, దండ కొంచెం కిందికి జరపమన్నారు, గడ్డం కనబడేటట్టు.

చదువరులకు మనవి ఒక్కటే. మీరే దిద్దినా, స్టూడియోకు ఇచ్చినా, ఏమేమి తీయకూడదో ముందు ఒక కాగితంమీద రాసుకోండి. ఇంట్లో పెద్దలు ఉండగానే వారిని మంచి వెలుతురులో కూర్చోబెట్టి ఒక ఫోటో తీయండి. అసలు ఫైలును రెండుచోట్ల దాచండి. సాఫ్టువేరు సంగతి తరువాత నిదానంగా చూసుకోవచ్చు.