కాగితములలో దాగిన సంగీతము

పాడుట ముగిసిన తోడనే పాట గాలిలో కలిసిపోవును. దానిని నిలుపుకొనుటకు మానవుడు రెండుపాయములు కనిపెట్టెను. గురుముఖమున నేర్చి కంఠస్థము చేయుట ఒకటి. గుర్తుల రూపమున కాగితముపై వ్రాసి దాచుట రెండవది. మన సంగీతము హెచ్చుగా మొదటి మార్గమున నడిచినది. ఫ్రెంచివారి శాస్త్రీయ సంగీతము ఇంచుమించు పూర్తిగా రెండవ మార్గమునే నమ్ముకొన్నది. కావున వారి సంగీత చరిత్రలో చాల భాగము కాగితముల చరిత్రయే. ఏ కాగితము మిగిలినదో ఆ పాట మిగిలినది. చెదలు తిన్నదియు, నిప్పు కాల్చినదియు, అంగడిలో పొట్లములు కట్టుటకు పోయినదియు మరల రాదు.

ఇందులకు షార్పాంత్యే కథ కంటె మంచి తార్కాణము లేదు.

మార్క్ ఆంత్వాన్ షార్పాంత్యే 1643వ సంవత్సరమున జన్మించెను. యౌవనమున రోము నగరమునకు పోయి కారిస్సీమీ యను గొప్ప విద్వాంసుని సంగీతము నెరిగి, తిరిగి ప్యారిసు చేరెను. ఆ కాలమున పదునాలుగవ లూయీ రాజు ఏలుబడి. రాజాస్థానమున లుల్లీ యను నాతడు సర్వాధికారి. సంగీత నాటకములను ప్రదర్శించు హక్కు అంతయు రాజాజ్ఞచే లుల్లీ చేతిలోనే యుండెను. ఇతరులు తమ నాటకశాలలలో ఎందరు గాయకులను, ఎందరు వాద్యగాండ్రను పెట్టుకొనవలెనో కూడ ఆ ఆజ్ఞలే నిర్ణయించెడివి. కావున షార్పాంత్యే గీజ్ వంశపు రాజకుమారి ఇంట కొలువు చేసెను. జెసూయిట్ మతగురువుల చర్చికి పాటలు కూర్చెను. చివరకు 1698లో సెంత్ షాపెల్ అను రాజచర్చిలో సంగీతాచార్యుడయ్యెను. 1704లో మరణించెను. ఆస్థానమున స్థిరమైన పదవి ఎన్నడును దక్కలేదు. అతడు రచించినవి ఐదువందలకు పైబడిన కృతులు. వానిలో అతని జీవితకాలమున అచ్చయినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి మాత్రమే.

వ్రాతప్రతులు మేనల్లుడైన జాక్ ఎదువార్ అను పుస్తక విక్రేతకు సంక్రమించినవి. అతడు 1709లో కొన్ని భక్తిగీతములను అచ్చువేయించెను. తక్కిన కట్టలు అట్లే పడియుండెను. తుదకు 1727లో అతడు వానినన్నిటిని మూడువందల లీవ్రులకు రాజగ్రంథాలయమునకు అమ్మివేసెను. లీవ్రు ఆనాటి ఫ్రెంచి ద్రవ్యపు లెక్క. ఒక మహావిద్వాంసుని జీవితకాలపు కృషికి ఆ వెల అత్యల్పమనియే చెప్పవలెను. అయినను ఆ మేనల్లుని మనము నిందింపరాదు. అతడు ఆ కట్టలను చిల్లరగా అమ్మలేదు, చింపివేయలేదు, ఒక్కచోటనే ఉంచెను. ఆ కట్టలు నేడు ఇరువదియెనిమిది సంపుటములుగా ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమున నున్నవి. ఆ కాలపు ఫ్రెంచి విద్వాంసులలో స్వహస్తలిఖితములు ఇంత విస్తారముగా మిగిలినవాడు వేరొకడు లేడు. రాజుకు ఆప్తుడైన లుల్లీ స్వహస్తముతో వ్రాసిన సంగీతప్రతి ఒక్కటియు మనకు నిశ్చయముగా దక్కలేదు!

రాజగ్రంథాలయమున సంగీతమెట్లు చేరెనో కొంచెము వెనుకకు పోయి చూడవలెను. 1528లో ప్యారిసున పియేర్ అతెఞాన్ అను ముద్రాపకుడు ఒక చమత్కారము చేసెను. అంతకు మున్ను వెనీసు నగరమున సంగీతము నచ్చువేయువారు గీతలను ఒకమారు, స్వరములను మరియొకమారు ఒత్తెడివారు. అతెఞాన్ ప్రతి అచ్చులోను స్వరమును, దాని వెనుకనుండు గీతల ముక్కను కలిపి పోతపోసి, ఒక్కమారే ఒత్తుట ప్రచారములోనికి తెచ్చెను. దానితో పని సులువై వెల తగ్గెను. 1537లో మొదటి ఫ్రాన్సువా రాజు, తన రాజ్యమున అచ్చగు ప్రతి గ్రంథమునకు ఒక ప్రతి రాజగ్రంథాలయమునకు ఇయ్యవలెనని ఆజ్ఞాపించెను. ఆజ్ఞ వెలువడినంత మాత్రమున అందరును పాటించిరని కాదు. అయినను ప్రపంచమున నేడు పెక్కు దేశములందున్న అట్టి చట్టములకు ఇది మొదటిది.

అచ్చు పుస్తకముల కన్న వ్రాతప్రతులను కాపాడుట కష్టతరము. ఆ పని కొందరు పిచ్చివాండ్ర వంటి వ్యక్తులు స్వంత పూనికతో చేసిరి. సెబాస్తియెన్ ద బ్రొస్సార్ అను మతగురువు అట్టివాడు. ఇతడు మొదట స్ట్రాస్‌బూర్గ్ నగరమునను, పిమ్మట మో నగరమునను చర్చి సంగీతమును నడపెను. ఫ్రెంచి భాషలో సంగీత నిఘంటువును 1703లో వెలువరించినవాడు ఇతడే. తన దేశపు సంగీతమే గాక ఇటలీ, జర్మనీ దేశముల ప్రతులను కూడ కొనియు, అడిగియు, చేతితో ఎత్తివ్రాసికొనియు జీవితాంతము కూడబెట్టెను. వార్ధక్యము వచ్చినప్పుడు ఈ గ్రంథములన్నియు తన తరువాత చెల్లాచెదరగునని భయపడి, రాజగ్రంథాలయమునకు సమర్పింప సంకల్పించెను. ప్రతిగా భరణము కోరెను. 1724లో స్వయముగా ఒక పట్టిక వ్రాసెను. అది వట్టి పేర్ల జాబితా గాదు. ప్రతి గ్రంథమును గూర్చియు ఎచట దొరికినది, ఎంత బాగున్నది, ఎవరి శైలి అని తన అభిప్రాయమును జంకు లేక వ్రాసెను. షార్పాంత్యే జ్ఞాపకశక్తిని అతడు అందులో మెచ్చుకొన్నాడు. 1726లో ఈ భాండారము రాజగ్రంథాలయమున చేరెను. మరుసటి సంవత్సరమే షార్పాంత్యే కట్టలు చేరినవి. ఎలిజబెత్ జాకే ద లా గేర్ అను విదుషీమణి రచించిన వాద్యకృతులు కొన్ని బ్రొస్సార్ ఎత్తి వ్రాసికొనుట వలననే మనకు మిగిలినవి.

ఆస్థానమునందే మరియొక కుటుంబము ఈ పని చేసినది. ఆంద్రే ఫిలిదోర్ రాజుగారి సంగీత గ్రంథపాలకుడు. పూర్వపు నృత్యనాటకములను, సైనిక వాద్యములను, ఉత్సవ సంగీతమును లేఖకులచే ఎత్తి వ్రాయించి సంపుటములు కట్టించెను. లుల్లీ నృత్యనాటకములు పెక్కు అచ్చు కాలేదు. అవి మనకు తెలియుటకు ఫిలిదోర్ పూనికయే ముఖ్యకారణము. రాజకుమారుడైన తులూజ్ ప్రభువు కొరకు వ్రాయించిన సంపుటముల గతి మరియు విచిత్రము. అవి వంశపరంపరగా లూయీ ఫిలిప్ రాజుకు సంక్రమించి, పందొమ్మిదవ శతాబ్దమున అమ్ముడుపోయి, ఇంగ్లండున టెన్‌బరీ యను గ్రామమందలి ఒక కళాశాలకు చేరినవి. 1978లో వేలము వేయగా చాలభాగము మరల ఫ్రాన్సునకు వచ్చినది.

1789 విప్లవ కాలమున ప్రభువుల భవనములు విడిచిపోయిన సంగీత గ్రంథములు, వాద్యములు ప్రభుత్వపరమైనవి. 1795లో ప్యారిసున కాంసర్వతువార్ అను సంగీత పాఠశాల స్థాపితమై, అందొక గ్రంథాలయమేర్పడినది. దానిని గూర్చి బెర్లియోజ్ తన ఆత్మకథలో ఒక వినోదము చెప్పెను. అతడప్పుడు వైద్యవిద్యార్థి. గ్లూక్ రచించిన నాటక సంగీతమును చదువుటకు రోజును ఆ గ్రంథాలయమునకు పోయెడివాడు. కొత్తగా అధికారియైన కెరూబిని స్త్రీలకొక ద్వారము, పురుషులకొక ద్వారము నియమించెను. ఆ సంగతి ఎరుగక బెర్లియోజ్ స్త్రీల ద్వారమున లోపలికి పోయెను. కెరూబిని కోపముతో వచ్చి పొమ్మనగా ఇతడు పోనని వాదించెను. పుస్తకముల బల్లల చుట్టును అధికారియు సేవకుడును తరుముచుండ విద్యార్థి పరుగెత్తి తప్పించుకొనెనట! ఆత్మకథలలో కొంత అతిశయోక్తి సహజమే గాని, తరువాతి కథ మాత్రము ప్రమాణసిద్ధము. ఆ బెర్లియోజే 1839లో అదే గ్రంథాలయమున సహాయ గ్రంథపాలకుడై, పిదప గ్రంథపాలకుడై, 1869లో మరణించువరకు ఆ జీతము పుచ్చుకొనెను.

ఈ భాండారములకు దానములు కూడ చేరినవి. పొలీన్ వియార్దో యను గొప్ప గాయని 1855లో మోజార్టు స్వహస్తలిఖితమైన డాన్ జొవాన్ని నాటకప్రతిని కొని, తరువాత కాంసర్వతువార్‌కు దానము చేసెను. బెథోవెన్ పియానో కృతులలో సుప్రసిద్ధమైన అప్పాసియోనాతా స్వహస్తప్రతి కూడ అచటికే చేరినది. ఆ ప్రతి పుటలపై వాననీటి మరకలు నేటికిని కనబడును. కాంసర్వతువార్ ప్రాచీన నిధులు 1964లో జాతీయ గ్రంథాలయమునకు తరలింపబడినవి.

ఉన్నదంతయు ఒకచోట చేరినంత మాత్రమున చరిత్ర తెలియదు. ఏమున్నదో చెప్పు పట్టిక కావలెను. ఆ పనికి పూనుకొన్నవాడు జూల్ ఎకోర్ష్‌విల్. ఇతడు జాతీయ గ్రంథాలయమందలి ప్రాచీన సంగీతమునకు ఎనిమిది సంపుటముల పట్టికను 1910 నుండి 1914 వరకు ప్రకటించెను. ప్రతి కృతికిని పేరుతో పాటు దాని తొలి స్వరములు కూడ ఇచ్చెను. ఇది ఎంతో ఉపయోగకరము. ఒకే పేరుతో పదిమంది రచించిన కృతులుండవచ్చును. పల్లవి ఎత్తుగడ వినినచో ఏ పాటయో తెలియునట్లు, తొలి స్వరములు చూచినచో ఏ కృతియో తెలియును. ఆఖరి సంపుటము వెలువడిన సంవత్సరముననే ప్రపంచ యుద్ధమారంభమయ్యెను. ఎకోర్ష్‌విల్ సైన్యమున చేరి 1915 ఫిబ్రవరిలో రణరంగమున మరణించెను. అతని వయస్సు నలుబదిరెండు. ఆ ఎనిమిది సంపుటములను ఒక్కొక్క కృతికి వెదకిన పరిశోధకులెందరో తరువాత వచ్చిరి.

ఆ తరమునందే రొమాఁ రొలాఁ ఉండెను. గాంధీమహాత్ముని, రామకృష్ణ పరమహంసను, వివేకానందుని గూర్చి గ్రంథములు వ్రాసిన మహనీయుడుగా భారతీయులు ఇతనిని ఎరుగుదురు. కాని ఇతని మొదటి వృత్తి సంగీత చరిత్ర బోధన! లుల్లీకి పూర్వము యూరపులో సంగీత నాటకము ఎట్లు పుట్టినదను విషయముపై 1895లో పట్టము పొంది, సొర్బాన్ విశ్వవిద్యాలయమున ఆ శాస్త్రమును బోధించెను. 1917లో, యుద్ధము ఇంకను సాగుచుండగనే, ఫ్రెంచి సంగీతశాస్త్ర పరిషత్తు స్థాపితమైనది. 1952లో ప్యారిసున ప్రపంచదేశముల గ్రంథాలయములందున్న సంగీత మూలములకన్నిటికి ఒక ఉమ్మడి పట్టిక కూర్చు ప్రయత్నము ఆరంభమై నేటికిని సాగుచున్నది.

ఈ పరిశోధకులు చేయు పని ఎట్టిదని విద్యార్థులు అడుగవచ్చును. ఒక ప్రతికి తేదీ లేదు, రచయిత పేరు లేదు. అప్పుడు కాగితమునే అడుగుదురు. చేతి కాగితము తీగెల జల్లెడపై తయారగును. ఆ జల్లెడకు ముద్దగా తగిలించిన తీగె బొమ్మ కాగితమున నీడవలె నిలిచిపోవును. వెలుతురునకు ఎత్తి చూచిన ద్రాక్షగుత్తియో, కిరీటమో, ఏదో గుర్తు కనబడును. ఒక్కొక్క మిల్లు తీగె కొంతకాలమే మన్నును. తేదీ గల వేరొక పత్రమున అదే గుర్తు దొరికినచో మన ప్రతి కాలము ఇంచుమించు తెలియును. స్వరగీతలు గీయుటకు ఐదు మొనల కలము వాడెడివారు. ఆ మొనల ఎడము కొలిచియు ఒకే కలముతో గీసిన పుటలను గుర్తింతురు. దస్తూరి మార్పును కూడ చూతురు. వయస్సుతో పాటు ఒకే మనిషి అక్షరములు మారును.

షార్పాంత్యే కట్టలపై ఈ విద్య బాగుగా ఫలించినది. అతడు తన నోటుపుస్తకములకు రెండు వరుసల సంఖ్యలు వేసెను: ఒకటి మామూలు అంకెలలో, రెండవది రోమను అంకెలలో. మొదటిది తన కొలువులోని పనులకు, రెండవది బయటివారు కోరిన పనులకు అని కొందరి ఊహ; అందరును దీనిని అంగీకరింపరు. కాగితపు గుర్తులు చూడగా, తొలినాటి సంఖ్యలు గల కొన్ని పుస్తకములను అతడే తరువాతి కాలపు కాగితముపై తిరుగ వ్రాసికొనెనని తేలినది. కావున వరుస సంఖ్యను చూచి రచనాకాలము నిర్ణయించిన పూర్వులు కొన్నిచోట్ల పొరబడిరి. వెనుకటి నిఘంటువులలో అతని జన్మసంవత్సరము 1634 అని యుండెడిది. పురాలేఖల పరిశోధన వలననే అది 1643గా దిద్దబడినది. అంకెలు తారుమారైనట్లు తోచును గాని, తొమ్మిదేండ్ల భేదము ఒక విద్వాంసుని శిష్యరికమును, తొలి కృతుల కాలమును కూడ మార్చివేయును.

ఇన్ని కృతులు గ్రంథాలయమున భద్రముగా నుండియు రెండు శతాబ్దములు వానిని పాడినవారు మాత్రము దాదాపు లేరు. 1953లో కార్ల్ ద నీస్ అను పండితుడు ఆ సంపుటములలో నుండి ఒక తె దేయుమ్ స్తోత్రమును వెలికి తీసెను. బూరలు, నగారాలతో ఆరంభమగు ఆ స్తోత్రము 1692 ప్రాంతమున ఒక యుద్ధ విజయమునకు రచింపబడియుండును. దాని తొలిభాగమును 1954 నుండి యూరపు దేశముల టెలివిజన్ సంస్థలు తమ ఉమ్మడి ప్రసారములకు ముందు వినిపింపసాగెను. మూడువందల లీవ్రుల మూటలోని ఆ కొద్ది స్వరములను నేడు యూరపున కోట్ల జనులు ఎరుగుదురు. రచయిత పేరు ఎరిగినవారు తక్కువ.

అయితే కాగితము అన్నియు చెప్పదు. ఫ్రెంచివారు తాము వాయించునట్లు వ్రాయరని కూపెరాన్ అను విద్వాంసుడు 1716లో తన గ్రంథమున ఒప్పుకొన్నాడు. సమానముగా వ్రాసిన స్వరములను ఒకదానిని సాగదీసి, మరియొకదానిని కుదించి వాయించుట వారి సంప్రదాయము. గురువు నోట వినినవానికే ఆ సొగసు తెలియును. గమకముల నెరిగిన మనవారికి ఇందు ఆశ్చర్యమేమియు లేదు. గురుపరంపర తెగిపోగా, ఆ సంప్రదాయమును పాత బోధనా గ్రంథములలో ఒక్కొక్క వాక్యము వెదకి పునర్నిర్మించుటకు పరిశోధకులకు దశాబ్దములు పట్టినది.

1997 నుండి ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయము తన నిధుల ఛాయాచిత్రములను గాలికా అను పేరున కంప్యూటరు ద్వారా లోకమునకు చూపుచున్నది. షార్పాంత్యే సంపుటములను కూడ అందు చూడవచ్చును. నూనెదీపముల కాలపు సిరా, కొట్టివేతలు, తొందరగా గీసిన గీతలు స్పష్టముగా నగుపడును. గీజ్ రాజకుమారి ఇంటి గాయకులలో ఎవరు ఏ భాగము పాడవలెనో ఆ పంక్తుల కెదురుగా వారి పేర్లు వ్రాసియున్నవి. తారస్థాయి పురుష కంఠమునకు చెందిన పంక్తి ప్రక్కన కొన్నిచోట్ల అతడు తన పేరునే కురుచగా వ్రాసికొనెను.