హద్దురాయి, టేకు చెట్టు
(రేడియో ప్రసంగము)



పోయిన వారము ఒక సహోదరుడు ఉత్తరము వ్రాశాడు. అతని పేరు, ఊరు చెప్పను. ఖమ్మం నుండి భద్రాచలం పోయే దారికి కొంచెం లోపలగా, అడవి అంచున ఉన్న పల్లె అతనిది. తండ్రి చనిపోయిన తరువాత అన్నదమ్ములిద్దరు చేను పంచుకొని నడుమ ఒక రాయి పాతుకున్నారు. ఆ రాయి ప్రక్కనే తండ్రి నాటిన రెండు టేకు చెట్లు ఉన్నాయి. ఒకనాడు వెళ్లి చూస్తే రాయి రెండు గజాలు జరిగియున్నది. చెట్లు రెండూ అన్న వైపుకు పోయాయి. “అయ్యగారూ, అప్పటి నుండి అన్నతో మాట మానుకున్నాను. ఒక రాయికి ఇంత విలువ ఉన్నదా?” అని అడిగాడు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే రాయి అంటే ఏమిటో, టేకు అంటే ఏమిటో మొదట తెలుసుకోవాలి. కొంచెం ఓపికతో వినండి.

రాయి అన్నది ఒకటే మాట గాని దాని పనులు అనేకము. దారి ప్రక్కన ఉంటే మైలురాయి. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చినా దానిని మైలురాయి అనే అంటున్నాము. కంసాలి చేతిలో గీటురాయి, వడ్రంగి దగ్గర సానరాయి, ఉంగరములో పొదిగితే కెంపు రాయి. కడుపు నొప్పితో ఆసుపత్రికి పోతే డాక్టరుగారు “కిడ్నీలో రాళ్ళున్నాయి” అంటారు. కనికరము లేని వాని గుండె కూడా రాయే. అంగడిలో తూకము వేసేవి ఇనుముతో పోతపోసినవే గాని వాటినీ తూకపు రాళ్ళు అంటాము. ఇనుమును అరగదీసే పనిముట్టు పేరు ఆకురాయి. అది ఆకూ కాదు, రాయీ కాదు!

మన పాత మాటలలో రాయిని కల్లు అని కూడా అన్నారు. ఓరుగల్లు అంటే ఒంటి రాయి, అందుకే దానికి ఏకశిలానగరమని పేరు. రాళ్ళ ఉప్పును కల్లుప్పు అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఖమ్మానికి స్తంభాద్రి అని పేరు, అద్రి అంటే కొండ. భద్రాచలములో ఉన్న అచలము అనే మాటకు కూడా కొండ అనే అర్థము. చలము లేనిది, అనగా కదలనిది అచలము.

ఇతర భాషలలోనూ ఇంతే. ఇంగ్లండులో ఇప్పటికీ మనిషి బరువును ‘స్టోన్’ లెక్కన చెప్పుకుంటారు. ఒక స్టోన్ అంటే 14 పౌనులు, మన లెక్కలో సుమారు ఆరున్నర కిలోలకు కొంచెం తక్కువ. హెబ్రీ భాషలో ‘ఎబెన్’ అంటే రాయి, తూకపు గుండుకూ అదే మాట. ద్వితీయోపదేశకాండములో 19వ అధ్యాయము హద్దురాయిని జరపవద్దని చెప్పుచున్నది. అదే గ్రంథము 25వ అధ్యాయము సంచిలో రెండు రకముల తూకపు రాళ్ళు ఉంచుకోవద్దని చెప్పుచున్నది. గమనించారా? మోసము రెండు చోట్లా రాయితోనే జరుగుచున్నది. ఎందుకు? రాయి కదలదు, మారదు అని అందరము నమ్ముతాము గనుక. ఆ నమ్మకమునే మోసగాడు వాడుకుంటాడు.

ఇప్పుడు టేకు సంగతి చూద్దాము. టేకు ఆకు పెద్దది, చేతితో తడిమితే గరుకుగా ఉంటుంది. లేత ఆకును నలిపితే వ్రేళ్ళకు ఎర్రని రంగు అంటుకుంటుంది. ఎండాకాలములో చెట్టు మోడుగా నిలుస్తుంది, వానలు పడగానే చిగురిస్తుంది, ఆ వానలలోనే తెల్లని చిన్న పూలు పూస్తుంది.

దుంగను అడ్డముగా కోసి చూస్తే రెండు రంగులు కనబడతాయి. బెరడు ప్రక్కన లేత రంగు చెక్క, లోపల బంగారు గోధుమ రంగు గల గట్టి చెక్క. ఆ లోపలి దానినే మనవారు చేవ అంటారు. ధైర్యము గల మనిషిని చేవ ఉన్నవాడు అంటాము గదా, ఆ మాట చెట్టులో నుండి వచ్చినదే. చేవలో సహజమైన నూనె, మరికొన్ని పదార్థములు ఉండుట వలన చెదలు అంత త్వరగా పట్టవు, నీటికి త్వరగా కుళ్ళదు. బొంబాయిలో 1817లో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ రెండు వందల ఏళ్ళు దాటినా ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇంకా నీటి మీదనే ఉన్నది. వెలుపలి లేత చెక్కకు మాత్రము ఆ బలము లేదు, దానిని చెదలు తింటాయి.

ఇంకొక వింత వినండి. టేకు కోసే వడ్రంగిని అడగండి, రంపము పళ్ళు త్వరగా మొద్దుబారతాయని చెబుతాడు. కారణమేమనగా చెట్టు నేలలో నుండి నీటితో పాటు సిలికాను పీల్చుకొని చెక్కలో దాచుకుంటుంది. సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అనగా టేకు లోపల కొంచెము రాయి ఉన్నది! ఆ రాయి మొద్దుబార్చిన ఉలిని వడ్రంగి మరల సానరాయి మీదనే నూరుకుంటాడు.

చెట్టులో రాయి ఉన్నట్లే రాయిలో చెట్టు కూడా ఉన్నది. ఇల్లెందు ప్రాంతములో పొయ్యికి పెట్టుకున్న నల్లని రాళ్ళే అంటుకొని మండాయని, అలా అక్కడి బొగ్గు బయటపడిందని పెద్దలు చెప్పుకుంటారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1889లో తవ్వకము మొదలైనది. సింగరేణి గనులకు అదే ఆరంభము. ఆ రాక్షసిబొగ్గు ఏమిటి? ఇరవై అయిదు కోట్ల ఏళ్ళకు పూర్వము గోదావరి లోయలో పెరిగిన అడవి, మట్టి క్రింద నలిగి రాయి అయినది.

అడవి రాయి కావడానికి కోట్ల ఏళ్ళు పట్టింది. టేకు మొక్క మంచి చేవ పట్టడానికి ఒక మనిషి జీవితకాలము పడుతుంది. కేరళలోని నిలంబూరులో 1840లలో టేకు తోటలు వేశారు. అక్కడ సాధారణముగా 50, 60 ఏళ్ళు పెంచి గాని కోయరు. నాటిన చేయి ఒకటి, కోసే చేయి మరొకటి. కాని రంపము పెడితే ఒక పూట చాలు.

అందుకే సొంత పట్టా భూమిలో టేకు కొట్టాలన్నా అనుమతి కావాలి, కలపను బండి ఎక్కించాలన్నా అటవీ శాఖ రవాణా పర్మిటు కావాలి. ఇవి లేకుండా రాత్రివేళ తరలిస్తే చెట్టు మనదైనా కేసు మన మీద పడుతుంది.

అడవికి కూడా హద్దురాళ్ళు ఉన్నాయి. రాయికి ఇవతల చేను, అవతల రిజర్వు అడవి. ఆ రాయి ఎక్కడ ఉన్నది అనే ప్రశ్న మన ప్రాంతములో ఎన్ని కుటుంబాలను కోర్టుల చుట్టూ త్రిప్పిందో మీకు తెలుసు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగు చేసుకుంటున్న గిరిజనుల హక్కును గుర్తించింది. అయినా తగవు ఆగలేదు. 2022 నవంబరు 22న చంద్రుగొండ మండలములో మొక్కల తోట విషయమై జరిగిన గొడవలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణము పోయినది. ఆ ఇంటి వారికి దుఃఖము మిగిలింది, దాడి చేసిన వారు జైలుకు పోయారు. హద్దు దగ్గర మాట ఆగిపోతే చేయి లేస్తుంది.

సహోదరుడా, ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. రాయికి విలువ ఉన్నదా? ఆ రాతికి ఏమీ లేదు, అటువంటివి వాగులో వేయి దొరుకుతాయి. అన్నదమ్ములు ఇద్దరు నిలబడి “ఇది హద్దు” అని ఒప్పుకున్న మాటకే విలువ. అన్న జరిపినది ఆ మాటను. కాబట్టి నీ బాధ న్యాయమైనదే. కాని మాట మానుకుంటే రాయి వెనుకకు రాదు. తహసీల్దారు కార్యాలయములో దరఖాస్తు పెట్టు, సర్వేయరు వచ్చి కొలుస్తాడు. దానికంటే ముందు ఇద్దరు పెద్దమనుషులను తీసుకొని అన్న ఇంటికి వెళ్లు. “అన్నా, నాన్న నాటిన చెట్లు మనిద్దరివి, చేవ పట్టేదాకా ఉంచుదాము, కోసిన నాడు సగము సగము పంచుకుందాము” అని చెప్పు.

మీ నాన్న నాటి ఎన్నేళ్ళయినదో నీవు వ్రాయలేదు. ఇరవై ఏళ్ళ లోపే అయితే వాటిలో చేవ ఇంకా సన్నము. లేత చెక్క కోసము పాత బంధమును నరుక్కోవద్దు.

అన్నగారు కూడా ఈ కార్యక్రమము వింటున్నారేమో. అయ్యా, తెల్లవారక ముందే గడ్డపార తీసుకొని వెళ్లి ఆ రాయిని దాని చోట పెట్టి రండి. ఎవరూ చూడకపోయినా ఫరవాలేదు.