రాతిని తొలిచిన ఆల్చిప్ప చెప్పిన సాక్ష్యం

ఇటలీలో నీట మునిగిన బాయే పట్నం గురించి ఆ మధ్య రెండు మాటలు రాస్తే, ఒక పాఠకురాలు పోస్టుకార్డు మీద ఒకే ప్రశ్న పంపారు: "ఆ రోమన్ విల్లాలు మునిగింది సముద్రం పొంగడం వల్లా, నేల కుంగడం వల్లా?" ఆ కార్డు చదివాక నాకు వేరే పని మీద మనసు పోలేదు. యూరప్‌లో మహామహులు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న ఇది. చివరికి తేల్చింది మాత్రం వేలెడంత ఆల్చిప్ప.

ముందు ఊరి సంగతి. నేపుల్స్‌కు పడమరగా, పొజువోలి అఖాతం ఒడ్డున ఉంది బాయే. వేడినీటి ఊటల కోసం రోమ్ ధనవంతులంతా ఇక్కడ అలలు తాకేంత దగ్గరగా విల్లాలు కట్టుకున్నారు. హాడ్రియన్ చక్రవర్తి 138లో కన్నుమూసింది ఇక్కడే. పీసో వంశం వారి విల్లాకు నీరో తరచూ వచ్చేవాడు. క్రీ.శ. 65లో అతన్ని ఆ ఇంట్లోనే చంపేద్దామని కుట్రదారులు అంటే, అన్నం పెట్టే చోట అతిథి నెత్తురు చిందడానికి గైయస్ పీసో ఒప్పుకోలేదని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ ఇల్లు ఇప్పుడు సుమారు అయిదు మీటర్ల నీటి అడుగున ఉంది. అక్కడ దొరికిన సీసపు నీటిగొట్టం మీద ఉన్న పీసో పేరే ఆ ఇంటికి చిరునామా అయింది.

ఇక అసలు సాక్షి దగ్గరికి వద్దాం. బాయేకు ఎదురుగా పొజువోలిలో ఒక ద్రాక్షతోట ఉండేది. మట్టిలోంచి మూడు రాతి స్తంభాల తలలు పొడుచుకొచ్చి ఉండటంతో దాన్ని మూడు స్తంభాల తోట అనేవారు. 1750లో తవ్వితే దాదాపు 12 మీటర్ల పాలరాతి స్తంభాలు బయటపడ్డాయి. పక్కనే సెరాపిస్ దేవుడి విగ్రహం కనిపించేసరికి గుడి అనేశారు. నిజానికి అది తిండి సరుకులు అమ్మే బజారు. పేరు మాత్రం ఇప్పటికీ సెరాపియం అనే ఉండిపోయింది.

ఆ స్తంభాలను దగ్గరగా చూడండి. కింద 3.6 మీటర్ల వరకు రాయి నున్నగా ఉంటుంది. ఆ పైన 2.7 మీటర్ల మేర చుట్టూ పట్టీ కట్టినట్టు వేలు దూరేంత బొక్కలు. ఆ పైన మళ్ళీ నునుపు. బొక్కల్లో కొన్నిటిలో చిప్పలు కూడా అలాగే ఉన్నాయి. అవి లితోఫాగా అనే ఆల్చిప్పవి. ఖర్జూరపు కాయలా ఉండే ఈ జీవి తన ఒంటి స్రావంతో సున్నపురాయిని కరిగించుకుంటూ లోపలికి పోయి, జీవితమంతా అక్కడే గడుపుతుంది. ఉప్పునీటి అడుగున తప్ప బతకదు. అంటే ఆ పట్టీ పై అంచు దాకా ఒకప్పుడు సముద్రం ఉండేది. అడుగు భాగం నున్నగా మిగలడానికి కారణం, అప్పటికే దాన్ని బూడిదా మట్టీ కప్పేసి ఉండటం. ఎంత చక్కని కొలబద్ద! మధ్యధరాలో ఆటుపోట్లు చాలా తక్కువ కనుక గీత కూడా అంత స్పష్టంగా పడింది.

1787లో ఈ స్తంభాలను చూసిన జర్మన్ మహాకవి గేథే, సముద్రం అంత ఎత్తుకు లేచిందంటే నమ్మలేదు. అక్కడిదాకా ఆయన ఆలోచన సరైనదే. కానీ నేల కదిలిందనీ ఒప్పుకోలేక, బూడిద గట్టు కట్టి అక్కడొక మడుగు ఏర్పడిందనీ, ఆల్చిప్పలు అందులో పెరిగాయనీ 1823లో రాశాడు. ఏడేళ్ళకు చార్లెస్ లయల్ తన ప్రసిద్ధ భూగర్భశాస్త్ర గ్రంథానికి ఈ స్తంభాలనే ముఖచిత్రంగా పెట్టి, కదిలింది నేలేనని వాదించాడు. ఆరు మీటర్లకు పైగా దిగింది, మళ్ళీ లేచింది, స్తంభాలు మాత్రం పడిపోలేదు! లయల్ లెక్కా కొంత తక్కువే. చిప్పలకు రేడియోకార్బన్ పరీక్ష చేసి 2006లో తేల్చిన దాన్ని బట్టి, ఆ చోటు మూడుసార్లు మునిగింది.

కదలికకు కారణం, పొజువోలీ బాయే రెండూ అగ్నిపర్వతం కడుపులో ఉండటమే. సుమారు 40,000 ఏళ్ళ కిందటి మహా విస్ఫోటనంలో పైకప్పు కూలి ఏర్పడిన పల్లం అది. పేరు కాంపీ ఫ్లెగ్రేయి. కింద శిలాద్రవం వేడికి నీరూ వాయువులూ ఒత్తిడి పెంచితే నేల ఉబ్బుతుంది, ఒత్తిడి తగ్గితే దిగుతుంది. దీన్నే బ్రాడిసైజం అంటారు. నూనెలో పూరీ పొంగడం చూశారుగా? చిల్లు పడిన పూరీ పొంగదు. ఇక్కడా పైపొర పగలకుండా సాగాలి. 1982–84లో పొజువోలి నేల దాదాపు 1.8 మీటర్లు లేచింది. రాయి అంతగా ఎలా సాగింది?

2015లో భూభౌతిక శాస్త్రవేత్త తిజియానా వనోరియో బృందం ఇచ్చిన జవాబు చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. లోతున వేడినీటిలో సున్నమూ అగ్నిపర్వతపు బూడిదా కలిసి, పీచులాంటి ఖనిజాలు అల్లుకున్న రాతిపొర తయారవుతోంది. మట్టిగోడకు వరిగడ్డి కలిపినట్టు ఆ పీచు రాతిని పగలనివ్వదు. రోమన్ మేస్త్రీలు చేసిందీ ఇదే. మన డంగు సున్నం గట్టిపడాలంటే గాలి తగలాలి. పొజువోలి బూడిద కలిపిన సున్నం నీటి అడుగునే రాయిలా బిగుస్తుంది. బాయే చుట్టుపక్కల దొరికే ఈ పొడిని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ పనిగట్టుకుని పొగిడాడు. పీసో వంటివారు సముద్రంలోకి కట్టడాలు నెట్టగలిగింది దీనితోనే. ఇంటిని నిలబెట్టిన కాంక్రీటుకు తోబుట్టువు లాంటిదే, కింద ఆ నేలను చీలనివ్వకుండా ఊపుతోంది!

దీనివల్ల ఉపయోగం ఏమిటని అడగకుండా ఉండలేరు కొందరు. పీపీసీ అని రాసిన సిమెంటు బస్తా మీ వీధిలోనే దొరుకుతుంది. అందులో రెండో 'పీ' పొజొలానా, అంటే పొజువోలి పేరే. అగ్నిపర్వతపు బూడిదకు బదులు మనవాళ్ళు ఎక్కువగా థర్మల్ కేంద్రాల బూడిద కలుపుతారు. ఇంతకు మించి ఉపయోగం చెప్పడానికి నాకు ఓపిక లేదు.

2005 నుంచి పొజువోలి నేల మళ్ళీ లేస్తోంది. 2024 మే 20న 4.4 తీవ్రతతో భూమి కంపించింది. అక్కడి చిన్న రేవులో నీరు తగ్గి, పడవలు బురద మీద కూర్చుంటున్నాయి. బాయేలో మాత్రం విల్లాల నేలలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. ఈతగాళ్ళు చేత్తో ఇసుక తోస్తే నలుపు తెలుపుల మొజాయిక్ కనిపిస్తుంది. చూడటం అయ్యాక, ఆల్చిప్పలూ నాచూ పట్టకుండా ఇసుకను మళ్ళీ దాని మీదికే నెట్టి పైకి వస్తారు.