పుస్తకాలు ఐదొందల ఎనభై... పోస్టు పదకొండొందలు!

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం జాకెట్టు కుడుతుంటే బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది. నా కార్డు మీద 1,750 రూపాయలు ఖర్చయ్యాయని! గుండె గుభేలుమంది. ఫీజులు కట్టుకోమని బాపట్లలో ఇంజనీరింగు చదివే మావాడికి ఆ కార్డు నంబరు ఇచ్చా. వెంటనే వాడికి ఫోన్ చేశా.

'నేనేనమ్మా. జపాన్ నుంచి రెండు మాంగా పుస్తకాలు తెప్పిస్తున్నా' అన్నాడు.

మాంగా అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథలు. 'బొమ్మల పుస్తకాలకి ఇంత తగలేస్తావా?' అని నాలుగు మాటలన్నా. వాడు మారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు. రెండు ఆదివారాలు తెనాలి రానే లేదు.

మూడో ఆదివారం వచ్చి ఆ పుస్తకాలు నా ముందు పెట్టాడు. కష్టమైన అక్షరాల పక్కన, ఎలా చదవాలో చెప్పే చిన్న అక్షరాలున్నాయి. జపాన్‌లో ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకుంటున్నాడట. 'ఇళ్ళల్లో మాట్లాడుకునే మాటలు వీటిలోనే దొరుకుతాయమ్మా' అన్నాడు. నాకు చందమామ గుర్తొచ్చింది. దాన్ని నడిపిన చక్రపాణి గారు, కథలు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు మా తెనాలి వాళ్ళే. నేనూ బొమ్మలు చూస్తూనే చదవడం నేర్చుకున్నా. ఇక వాణ్ణేమనగలను?

'సరే, బిల్లు తియ్యి' అన్నా.

పుస్తకాల ఖరీదు 1,000 యెన్లు. పోస్టు ఖర్చు 1,900! ఆ రోజు యెన్ 58 పైసలు. అంటే పుస్తకాలకి 580, మోసుకొచ్చినందుకు 1,100. పైన బ్యాంకు వడ్డింపు. ఒకప్పుడు బుక్ డిపాజిటరీ అనే బ్రిటన్ షాపు పోస్టు ఖర్చు లేకుండా పంపేది. 2023 ఏప్రిల్‌లో అది మూతపడింది. కాబట్టి ఇప్పుడు పుస్తకం ధర కంటే ముందు పోస్టు ఖర్చే చూడాలి.

ఇద్దరం కూర్చుని తేల్చుకున్న సంగతులివి:

మొదటిది, ఇంగ్లిష్ మాంగా కోసం విదేశాల దాకా పోనక్కర్లేదు. విజ్ మీడియా పుస్తకాల్ని సైమన్ అండ్ షూస్టర్ ఇండియా ఇక్కడే రూపాయల ధరకి అందిస్తోంది. జపాన్ భాషవే బయటి నుంచి తెప్పించాలి.

కథ నచ్చుతుందో లేదో ముందే చూసుకోవచ్చు. షూయేషా సంస్థ వారి మాంగా ప్లస్ యాప్‌లో చాలా కథల మొదటి మూడు, చివరి మూడు భాగాలు ఉచితం.

జపాన్‌లో పుస్తకాల మీద 10 శాతం వినియోగ పన్ను ఉంది. విదేశాలకు పంపే వాటికి కొన్ని షాపులు దాన్ని తీసేస్తాయి. బిల్లులో చూసుకోవాలి. తొందర లేకపోతే ఖరీదైన ఈఎంఎస్ బదులు నిదానంగా వచ్చే పద్ధతి ఎంచుకోవాలి.

డబ్బు కట్టేటప్పుడు 'రూపాయల్లో కడతారా?' అని అడిగితే సాధారణంగా వద్దనడమే మేలు. ఆ మార్పిడి రేటులో వాళ్ళ లాభం కలిసి ఉంటుంది. యెన్లలో కట్టినా చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం దాకా వేస్తాయి, దానిమీద జీఎస్టీ. తక్కువ వేసే కార్డు చూసుకోవాలి.

2019 బడ్జెట్లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. అది లెక్కలో ఉంచుకోవాలి. 'గిఫ్ట్ అని రాయిస్తే సరి' అనే సలహా వినొద్దు. గిఫ్టులకున్న మినహాయింపు 2019 డిసెంబరులోనే పోయింది.

అన్నిటికంటే కలిసొచ్చింది మాత్రం పాత చందమామ పద్ధతే. ఒక ఇంట్లో కొంటే వీధంతా చదివేవాళ్ళం కదా! రేపల్లెలో మా చెల్లెలి కూతురికీ ఈ పిచ్చి ఉంది. బాపట్లలో మావాడి స్నేహితుడు ఇంకొకడు. ముగ్గురూ తలా మూడు పుస్తకాలు చెప్పి, ఒకే పార్శిల్‌గా తెప్పించుకున్నారు. బరువు పెరిగేకొద్దీ కిలోకి పడే రేటు తగ్గుతుంది. పుస్తకానికి పోస్టు ఖర్చు దాదాపు సగమైంది. పార్శిల్ తెనాలి వచ్చింది. రెండూళ్ళకీ ఇక్కణ్ణుంచే రైళ్ళు కదా! బాపట్లవి మావాడు పట్టుకెళ్ళాడు, రేపల్లెవి నేను పాసింజర్లో తీసుకెళ్ళి ఇచ్చా. చదివాక మార్చుకుంటారు. తలా మూడు కొని, తొమ్మిదీ చదువుతారన్నమాట.

మొన్న మళ్ళీ కార్డు మెసేజి వచ్చింది. ఈసారి కంగారు పడలేదు. అంతకుముందే మావాడు ఫోన్ చేసి, 'అమ్మా, లెక్క చూస్తావా?' అని అడిగాడు.