మీవారి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారా?

మీవారి ఆఫీసులో నలుగురిని తీసేశారని విన్నారా? ‘‘మన ఉద్యోగం ఉందిగా’’ అని ఊరుకోకండి. పోయినవాళ్లకు జీతం పోతే, ఉన్నవాళ్లకు నమ్మకం పోతుంది.

2023 జనవరిలో గూగుల్ సంస్థ 12 వేలమందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో చాలామందికి ఆ సంగతి ఈమెయిల్‌లోనే తెలిసింది. అక్కడ హెచ్1బి వీసా మీదున్న మన పిల్లలకైతే ఉద్యోగం పోయాక మరోటి వెతుక్కోవడానికి 60 రోజులకు మించి గడువుండదు.

పక్క సీటు ఖాళీ అయ్యాక పనిమీద మనసెలా నిలుస్తుంది చెప్పండి? ‘‘రేపు నేనేనేమో’’ అన్న భయంతో సెలవడగరు, తప్పు జరిగినా పైవాళ్లకు చెప్పరు, గుట్టుగా మరోచోట దరఖాస్తు పెడతారు. అదే ముందుగా పిలిచి, కారణం చెప్పి, రావలసింది చేతికిచ్చి పంపితే మిగిలినవాళ్లకు కాస్త ధైర్యముంటుంది.

మరి ఇల్లాలిగా మీరేం చేయొచ్చు? నాలుగైదు నెలల ఇంటిఖర్చు విడిగా దాచండి. ఆఫీసువారి ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది కనుక ఇంటికి వేరే పాలసీ తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, అలాంటి కబురు మీకు చెప్పడానికి ఆయన జంకకూడదు. ఉద్యోగం పోయిన సంగతి దాచి, రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాళ్లూ ఉంటారు. ఆ అవస్థ మీ ఇంట్లో రానివ్వకండి.